చల్లారిన ఇంజన్, కదిలిన ముల్లు

పోలీసు స్టేషన్‌లో ఉన్న మెకానిక్‌తో మాట్లాడటానికి ఇన్‌స్పెక్టర్ నాకు పదిహేను నిమిషాలు ఇచ్చాడు. అందులో నాలుగు నిమిషాలు అతను ఏడుపు ఆపుకోవడానికే సరిపోయాయి. నేను కుర్చీలో కూర్చుని గోడ గడియారం చూస్తూ ఉండిపోయాను. ఓదార్చడం నాకు చేతకాదు, చేతకాని పని చెయ్యను.

జరిగింది ఇది. సోమవారం ఉదయం పదకొండు ముప్పై ఐదుకి ఒక రిటైరైన డాక్టరమ్మ తన ఇరవై ఏళ్ల నాటి కారులో ఎత్తు రోడ్డు ఎక్కుతుండగా ఇంజన్ పట్టేసింది. స్టీరింగ్ బిగుసుకుపోయి కారు కల్వర్టు గోడని గుద్దింది. ఆవిడ ఇంకా స్పృహ లేకుండా ఆస్పత్రిలో ఉంది. అంతకు రెండు గంటల ముందే ఈ మెకానిక్ ఆ కారుకి ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ల లీకు, అదే కూలెంట్ లీకు, బాగుచేసి తాళం చేతికిచ్చాడు. ఇవాళ బుధవారం. మధ్యాహ్నం రెండింటికి బీమా కంపెనీ సర్వేయర్ రిపోర్ట్ వస్తుంది. అందులో ‘మెకానిక్ నిర్లక్ష్యం’ అని ఉంటే ఇతన్ని ఇక్కడి నుంచి నేరుగా కోర్టుకి తీసుకెళ్తారు. డాక్టరమ్మకి ఏమైనా అయితే ఆ కేసు ఇంకో కేసవుతుంది.

“లీకు ఎక్కడ?” అని అడిగాను.

“వాటర్ పంపు వెనక హోస్ పైపు మేడమ్. చీలింది. పైపు మార్చాను, రెండు క్లిప్పులూ కొత్తవి వేశాను. గాలి పంపుతో ప్రెజర్ పెట్టి అరగంట వదిలేశాను. చుక్క కారలేదు.”

“ఇంకేం చేశావు?”

“టెంపరేచర్ సెన్సర్ పోయింది. ఒకసారి చల్లగా ఉందంటుంది, ఒకసారి కాలిపోతోందంటుంది. అందుకే ఇంజన్ లైటు వెలుగుతోంది. కొత్త సెన్సర్ మా అక్క కొట్లోంచే తెచ్చి వేశాను. తర్వాత డాక్టరమ్మని పక్కన కూచోబెట్టుకుని ఒక రౌండు తిప్పాను. తిరిగొచ్చాక స్కానర్ పెట్టి లైటు చెరిపేశాను. టేపు అంటించి తాళం ఇచ్చాను.”

“టేపు ఏంటి?”

“రేడియేటర్ పైన తెల్ల టేపు మీద తేదీ, టైము, కిలోమీటర్లు రాస్తాను మేడమ్. ప్రతి బండికీ. రేపు ఎవరైనా వచ్చి నువ్వు చేసింది వారం కూడా నిలవలేదంటే ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపిస్తాను.”

“ఎంత రాశావు?”

“ఒక లక్షా ముప్పై ఎనిమిది వేల నాలుగు వందల పన్నెండు. తొమ్మిదిన్నరకి.”

చూడకుండా చెప్పాడు. కొందరికి పిల్లల పుట్టినరోజులు గుర్తుండవు కానీ బండి కిలోమీటర్లు గుర్తుంటాయి. అలాంటివాళ్లు సాధారణంగా అబద్ధం ఆడరు, ఆడినా అంకెల్లో ఆడరు.

“డాక్టరమ్మ ఎక్కడికి వెళ్తున్నానంది?”

“బీమా కంపెనీ హెడ్డాఫీసుకి అంది. ముందు సీట్లో గోధుమరంగు కవరు పెట్టుకుంది. తను చూడని పేషెంట్లకి తన సంతకంతో గాయాల సర్టిఫికెట్లు ఉన్నాయంట. ఎవరు పెట్టారో తేలుస్తానంది. కోపంగా ఉంది మేడమ్. నా మీద కాదు.”

కానిస్టేబుల్ తలుపు తట్టాడు. నేను లేచాను.

“మేడమ్,” అన్నాడు వెనకనుంచి, “క్లిప్పు నేనే బిగించాను. అయినా రెండు రోజులుగా ఆలోచించి ఆలోచించి, బిగించానా లేదా అని నాకే అనుమానం వస్తోంది.”

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. తప్పు చేసినవాడు హాయిగా నిద్రపోతాడు, చేయనివాడు కూర్చుని తనమీద తనే కేసు పెట్టుకుంటాడు.

బయట బెంచీ మీద అతని అక్క కూర్చుని ఉంది. డిటెక్టివ్‌గా నన్ను పెట్టుకున్నది ఆమే. స్పేర్ పార్టుల కొట్టు నడుపుతుంది, నలభై దాటిన మనిషి, మాట సూటి.

“తిన్నాడా?” అని అడిగింది.

“అడగలేదు.”

“అదొక్కటీ అడగాల్సింది,” అని నా కారెక్కింది.

* * *

ప్రమాదానికి గురైన బళ్లని బీమా కంపెనీ ఉంచే యార్డు స్టేషన్ ఉన్న రోడ్డులోనే ఉంది. పదకొండూ ఇరవైకి చేరాం. సర్వేయర్ ఆఫీసు గది గుమ్మంలోనే ఎదురయ్యాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు, మొహాన నవ్వు.

అతను నా దగ్గర ఆరేళ్లు పనిచేశాడు. నేను ఆ కంపెనీలో సీనియర్ సర్వేయర్‌గా ఉన్నప్పుడు స్పానర్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పాను. నేను ఉద్యోగం మానేసి సొంతంగా ఈ పరిశోధనలు మొదలుపెట్టాక నా కుర్చీలో అతనే కూర్చున్నాడు.

“రండి మేడమ్. ఇంత దూరం ఎందుకొచ్చారు? ఫోన్ చేస్తే రిపోర్టే పంపేవాణ్ణి కదా.”

“నువ్వు రాసింది చదవడానికి రాలేదు. కారు చూడ్డానికి వచ్చాను.”

“చూడ్డానికి ఏముంది? క్లిప్పు వదులుగా ఉంది. కూలెంట్ కారిపోయింది. ఇంజన్ పట్టేసింది. చిన్నపిల్లాడు కూడా చెప్తాడు.”

“అయితే చిన్నపిల్లాడికే జీతం ఇవ్వమను. పద.”

నవ్వు కాస్త తగ్గింది. అయినా దారి ఇచ్చాడు. ఇన్‌స్పెక్టర్ అనుమతి కాగితం నా సంచిలో ఉందని అతనికి తెలుసు.

కారు మూడో షెడ్డులో ఉంది. ఎడమ పక్క ముందుభాగం నలిగిపోయింది, కుడిపక్క బానే ఉంది. అద్దం మీద క్రేన్‌వాడి చీటీ. యార్డులో పనిచేసే పెద్దాయన వచ్చి బానెట్ ఎత్తి కర్ర ఆనించాడు. అరవై ఏళ్లుంటాయి, మాట తక్కువ మనిషి.

తెల్ల టేపు చెప్పినచోటే ఉంది. సోమవారం, తొమ్మిదిన్నర, అంకెలు. డ్యాష్‌బోర్డు మీద అంకెల చక్రాలు తిరిగే పాత మీటరు నాలుగు వందల యాభై మూడు దగ్గర ఆగింది. గ్యారేజి వదిలాక నలభై ఒక్క కిలోమీటర్లు.

హోస్ పైపు కొత్తదే. పంపు వైపు క్లిప్పు మాత్రం వేలితో తిప్పితే తిరుగుతోంది. అక్క వంగి చూసింది.

“మావాడు ఇలా వదలడు,” అంది.

“అందరి తమ్ముళ్లూ అలాగేనమ్మా, అక్కలకి,” అన్నాడు సర్వేయర్.

ఆమె అతనివైపు చూడలేదు. క్లిప్పునే చూస్తూ, “వదులైతే మొదటి పది కిలోమీటర్లలోనే నీళ్లన్నీ పోవాలి. నలభై ఒకటి ఎలా నడిచింది?” అంది.

మంచి ప్రశ్న. నేను అడగాల్సిన ప్రశ్న ఆమె అడిగింది.

“కొంచెం కొంచెంగా వదులై ఉంటుంది. మధ్యమధ్య ఆపి చల్లార్చుకుంటూ నడిపిందావిడ. అందుకే నలభై ఒక్క కిలోమీటర్లకి రెండు గంటల ఐదు నిమిషాలు పట్టింది. రిపోర్ట్‌లో అదే రాశాను.”

నేను డ్రైవర్ సీట్లో కూర్చుని తాళం తిప్పాను. అలవాటుగా తిప్పాను, ఏమీ వెలగదనే అనుకున్నాను. ప్రమాదం జరిగిన బండి యార్డులోకి రాగానే బ్యాటరీ తీగ తీసేయాలన్నది అక్కడి రూలు. ఆ రూలు పెట్టింది కూడా నేనే.

డ్యాష్‌బోర్డు వెలిగింది.

“తీగ తీయలేదా?” సర్వేయర్ గొంతు ఒక మెట్టు పైకి లేచింది.

పెద్దాయన తల గోక్కున్నాడు. “నట్టు తుప్పు పట్టింది సార్. స్పానర్ పడితే జారిపోతోంది. కట్టర్‌తో తీగే కోయాలి. మిమ్మల్ని అడిగి కోద్దామనుకున్నా. పనిలో పడి మర్చిపోయా.”

“ఆ టెర్మినల్ మార్చుకోమని ఎన్నిసార్లు చెప్పామో,” అంది అక్క. “వచ్చేసారి అనేది డాక్టరమ్మ.”

నేను వాళ్ల మాటలు సగమే వింటున్నాను. నా కళ్లు ఇంజన్ వేడి చూపించే ముల్లు మీద ఉన్నాయి. రెండు రోజులుగా చచ్చిపడి ఉన్న ఇంజన్. చెయ్యి పెడితే చల్లగా రాయిలా ఉంది. ముల్లు మాత్రం నింపాదిగా లేచి సరిగ్గా మధ్యలో నిలబడింది.

సంచిలోంచి కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ తీసి స్టీరింగ్ కింద గుచ్చాను. బయటి గాలి ముప్పై ఒక్క డిగ్రీలు. ఇంజన్ నీళ్లు ఎనభై ఎనిమిది డిగ్రీలు. ఇంజన్‌లో నీళ్లే లేవు.

దిగి సెన్సర్ దగ్గరికి వెళ్లాను. సెన్సర్ కొత్తదే, అక్క కొట్టు గుర్తు దాని మీద ఉంది. దాని తీగ వెంట వేళ్లు పోనిచ్చాను. జానెడు దూరంలో నల్ల టేపు చుట్ట తగిలింది. విప్పితే లోపల తీగ కోసి, మధ్యలో బియ్యపు గింజంత రెసిస్టర్ కలిపి ఉంది. రేడియోల్లో వాడేది. అది ఉన్నంతకాలం ఇంజన్ మంచులో ఉన్నా మంటల్లో ఉన్నా కంప్యూటర్‌కి ఎనభై ఎనిమిదే కనిపిస్తుంది. ఫ్యాను తిరగదు. ముల్లు కదలదు. నడిపేవాళ్లకి ఇంజన్ పట్టేసేదాకా ఏమీ తెలియదు.

“అద్గదీ,” అన్నాడు సర్వేయర్. నాకంటే ముందే తేరుకున్నాడు. “నేను నిర్లక్ష్యం అని రాశాను. ఇప్పుడు మోసం అని కూడా రాస్తాను. లైటు ఆరకపోతే సెన్సర్‌ని మోసం చేసి ఆర్పేశాడు. సగంమంది మెకానిక్‌లు చేసే పనే. థాంక్స్ మేడమ్, నాకు తట్టలేదు.”

అక్క మొహంలో రంగు పోయింది. బానెట్ అంచు పట్టుకుంది. ఆమె తమ్ముణ్ణి విడిపించమని నన్ను పెట్టుకుంటే, నేను వచ్చి అతని మెడకి ఇంకో ఉచ్చు తగిలించాను.

“మేడమ్,” అంది చిన్నగా, “కొత్త సెన్సర్ వేశాక ఇంక ఇదెందుకు?”

“అదే ఆలోచిస్తున్నాను.”

సర్వేయర్ ఫైలు తెరిచి పెన్ను తీశాడు.

“ఒక్క నిమిషం,” అన్నాను. “ఇందాక నువ్వు ఆవిడ దారిలో ఆగి ఇంజన్ చల్లార్చుకుందన్నావు.”

“అన్నాను.”

“ముల్లు మధ్యలో ఉంటే వేడెక్కిందని ఆవిడకి ఎలా తెలుసు? ఎందుకు ఆగుతుంది?”

“ఆవిరి కనిపించి ఉంటుంది.”

“ఆవిరి చూసినావిడ, గంట క్రితం బాగుచేసిన మెకానిక్‌కి ఫోన్ చేయదా? ఆవిడ ఫోన్‌లో సోమవారం తొమ్మిదిన్నర తర్వాత ఒక్క కాల్ లేదు. ఇన్‌స్పెక్టర్ చూపించాడు.”

“అది నన్నడిగితే నేనేం చెప్తాను?”

“సరే, ఇంకొకటి చెప్పు. ఏ రెసిస్టర్ పెడితే ముల్లు మధ్యలో నిలుస్తుందో ముందే తెలియదు. ఒకటి పెట్టి తాళం తిప్పి చూడాలి, కుదరకపోతే ఇంకొకటి. తీగ తెగి ఉండగా తాళం తిప్పితే ఏమవుతుంది?”

అక్క చెప్పింది. “ఇంజన్ లైటు వెలుగుతుంది. దానంతటది ఆరదు. స్కానర్‌తో చెరపాలి.”

“చెరిపాడు కదా ఆ మెకానిక్,” అన్నాడు సర్వేయర్. “తనే చెప్పుకున్నాడు, లైటు చెరిపి ఇచ్చానని.”

“అవును. నాలుగు వందల పన్నెండు దగ్గర చెరిపాడు.”

నేను మళ్లీ సీట్లో కూర్చున్నాను. లైటు చెరిపిన తర్వాత బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది. చాలామంది ఆ పేజీ దాకా వెళ్లరు. నాకు కావలసింది నలభై ఒకటి కాని ఏ అంకైనా. నలభై ఒకటి కనిపిస్తే మెకానిక్ మునిగినట్టే, నేనూ తలదించుకుని వెళ్లిపోవాలి.

స్కానర్ ఆలోచించి ఆలోచించి ఒక అంకె చూపించింది.

తొమ్మిది.

“అమ్మాయ్, ఇలా రా. ఈ అంకె చదువు. గట్టిగా.”

“తొమ్మిది,” అంది అక్క. మళ్లీ చదివింది. “తొమ్మిదే మేడమ్.”

“పెద్దాయనా, మీరూ చదవండి.”

ఆయన కళ్లజోడు సర్దుకుని చదివాడు. తొమ్మిదే.

“అంటే మీ తమ్ముడు లైటు చెరిపిన తర్వాత ముప్పై రెండు కిలోమీటర్లు నడిచి, ఎక్కడో ఆగినప్పుడు ఇంకొకళ్లు చెరిపారు. అక్కడే తీగ కోశారు, క్లిప్పు వదులు చేశారు. అక్కణ్ణుంచి తొమ్మిది కిలోమీటర్లు నడిచి ఇంజన్ పట్టేసింది.”

ఆమె చీర కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడవలేదు.

“ప్రమాదం తర్వాత ఎవరైనా చెరిపి ఉండొచ్చుగా,” అన్నాడు సర్వేయర్.

“అప్పుడు సున్నా ఉండాలి. క్రేన్ మీద ఎక్కించి తెచ్చారు, చక్రాలు నేలకి తగల్లేదు.”

ఆ మాట అంటూ అద్దం మీది చీటీ వైపు చూశాను. క్రేన్‌వాడు ఎంత దూరం మోసుకొచ్చాడో రాయాలి కదా, రాశాడు. కల్వర్టు నుంచి యార్డుకి: తొమ్మిది కిలోమీటర్లు. యార్డు చేరిన సమయం: ఒకటీ పది.

ఆ చీటీని నేను వస్తూనే చూశాను. చూసి వదిలేశాను. నాలాంటిదాన్ని డిటెక్టివ్ అని పిలిచేవాళ్లని అనాలి.

“పెద్దాయనా,” అన్నాను, “సోమవారం పొద్దున మీరు డ్యూటీలో ఉన్నారా?”

“లేనమ్మా. ఆ రోజు ఒంటిగంటకి రమ్మన్నారు.”

“ఎవరు?”

ఆయన సర్వేయర్ వైపు చూశాడు. నా వైపు చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు. “సారే. పొద్దున పనేం లేదు, మధ్యాహ్నం రండి అన్నారు.”

నేను కారు దిగి తలుపు మెల్లగా వేశాను.

“ఈ కారు ఈ యార్డుకి రావడం ఇది రెండోసారి,” అన్నాను సర్వేయర్‌తో. “మొదటిసారి డాక్టరమ్మే నడుపుకుంటూ వచ్చింది. హెడ్డాఫీసుకి వెళ్లేముందు నీ మొహాన అడిగి వెళ్దామని వచ్చినట్టుంది. ఇక్కడి క్లెయిములన్నీ నీ చేతిమీదుగానే వెళ్తాయి, ఆవిడ సర్టిఫికెట్లు వాడినవీ నీవే. ఆ గోధుమరంగు కవరు కారులో లేదు, ఆస్పత్రిలో రాసుకున్న ఆవిడ సామాన్ల జాబితాలోనూ లేదు. ఆవిణ్ణి గదిలో కూచోబెట్టి టీ ఇచ్చి, ఇక్కడ ఎంతసేపు పనిచేశావు? పావుగంటా?”

“ఊహలు,” అన్నాడు.

“లైటు చెరపకుండా వదిలేసి ఉంటే నాకు ఏమీ దొరికేది కాదు. వెలుగుతున్న లైటుతో బానెట్ మూయకూడదని చేతికి అలవాటైపోయింది నీకు. ఆ అలవాటు చేసింది నేనే.”

నాకు కోపం రాలేదు. సిగ్గేసింది. ఆరేళ్లు ఎదురుగా కూర్చోబెట్టుకుని పని నేర్పాను, మనిషి ఎలాంటివాడో ఒక్కరోజైనా చూడలేదు.

సర్వేయర్ ఫైలు మూసి బల్ల మీద పెట్టాడు. తర్వాత అతనే పెద్దాయన పనిముట్ల పెట్టెలోంచి కట్టర్ తీసుకున్నాడు.

“రూలు రూలే కదా మేడమ్. బ్యాటరీ తీగ తీసేయాలి.”

తీగ తెగితే ఆ తొమ్మిది పోతుంది. ఇంత పాత కారులో కంప్యూటర్‌కి కరెంటు ఆగితే అన్ని లెక్కలూ సున్నా నుంచి మొదలవుతాయి. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు, స్పేర్ పార్టులు అమ్మే మనిషికీ తెలుసు. నేను అడుగు వేసేలోపే అక్క వంగి తన అరచెయ్యి టెర్మినల్ మీద బోర్లించింది.

“చెయ్యి తియ్యమ్మా,” అన్నాడు.

“మా తమ్ముడు ఇంటికొచ్చాక తీస్తాను.”

“కంపెనీ ఆస్తి మీద చెయ్యి వేస్తున్నావు.”

“వేశాను కదా. రాసుకో.”

పెద్దాయన వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు. సర్వేయర్ కట్టర్ దించాడు. నేను ఫోన్ తీసి ఇన్‌స్పెక్టర్ నంబర్ కోసం వెతుకుతుంటే నా దగ్గరికి వచ్చాడు. మిగతా ఇద్దరికీ వినపడనంత మెల్లగా మాట్లాడాడు. పాత రోజుల్లో ఫైళ్లు తెచ్చినప్పుడు మాట్లాడిన గొంతు అది.

“మేడమ్, ఆ సర్టిఫికెట్లున్న క్లెయిములు నలభై మూడు. అందులో ముప్పై ఒకటి మీ టైములోవి. ప్రతిదాని కింద నా సంతకం తర్వాత మీ సంతకం ఉంది. శుక్రవారం సాయంత్రాలు కట్టగా తెచ్చి పెట్టేవాణ్ణి. ‘నువ్వు చూశావు కదా’ అని సంతకం పెట్టేవారు. ఒక్కటి కూడా తెరవలేదు.”

నేను జ్ఞాపకం చేసుకోవాల్సిన అవసరం లేదు. అది నిజం. పెన్ను మూత కూడా తీసి ఇచ్చేవాడు.

“నేను ఒక్కణ్ణే మునగను,” అన్నాడు. “ఇప్పుడు ఫోన్ చేస్తే మీరూ కటకటాల వెనకే. మీరు ఒక్క అంకె మర్చిపోండి చాలు. నిర్లక్ష్యం అనే రాస్తాను, మోసం అని రాయను. మెకానిక్‌కి ఆరు నెలల్లో బెయిలొస్తుంది.”

పన్నెండూ ఐదు. రెండింటికి ఇంకా చాలా టైముంది. అక్క మా ఇద్దరి వైపూ చూడటం లేదు. బరువంతా అరచేతి మీద వేసి, కళ్లు మూసుకుని నిలబడింది. తుప్పు పట్టిన నట్టు చేతిలో గుచ్చుకుంటున్నట్టుంది, మణికట్టు దాకా సన్నగా నెత్తురు కారుతోంది. ఆమెకి నామీద నమ్మకం. నేను చదవకుండా పెట్టిన ముప్పై ఒక్క సంతకాల సంగతి ఆమెకి తెలియదు.

నంబర్ నొక్కాను. రెండో రింగుకే ఎత్తాడు.

“ఇన్‌స్పెక్టర్ గారూ, నేను యార్డు నుంచి. మెకానిక్‌ని కోర్టుకి పంపకండి. అతనికి ముందు అన్నం పెట్టించండి. తర్వాత మీరు ఇక్కడికి రండి, ఇద్దర్ని తీసుకెళ్లాలి.”

“ఇద్దరా? ఎవరెవరు?”

“ఒకడు బీమా సర్వేయర్.”

“రెండోది?”

“నేను,” అన్నాను.